వేగం ముందు గడియారాలన్నీ ఒక్కటే

మే నెల మధ్యాహ్నం సిరోంచలో నాలుగు గడియారాలను పక్కపక్కన పెట్టామనుకుందాం. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న ఊరు ఇది. అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇవతల మహారాష్ట్ర అయినా వీధుల్లో వినపడేది ఎక్కువగా తెలుగే. ఎండాకాలం ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మామూలే.

మొదటిది గోడకు తగిలించిన బ్యాటరీ గడియారం. దాని గుండె చిన్న క్వార్ట్జ్ ముక్క, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా దాన్ని కోస్తారు. అంతకన్నా వేడెక్కినా, చల్లబడినా కంపనం మందగిస్తుంది. 45 డిగ్రీల గదిలో అది రోజుకు ఒక సెకనుకు పైగా వెనకబడుతుంది. రెండోది లోలకం ఊగే పాత గోడ గడియారం. ఎండకు దాని ఇనుప కడ్డీ సాగుతుంది, సాగిన లోలకం నెమ్మదిగా ఊగుతుంది. 25 డిగ్రీల దగ్గర సరిచేసి పెట్టిన గడియారం 45 డిగ్రీల్లో రోజుకు పది సెకన్ల దాకా నష్టపోతుంది. మూడోది మన పెద్దలు వాడిన గడియ కుడుక. అడుగున సన్నని చిల్లు ఉన్న గిన్నెను నీళ్ళ మీద వదిలితే, అది నిండి మునగడానికి ఒక గడియ పడుతుంది, అంటే 24 నిమిషాలు. వేడెక్కిన నీళ్ళు చిల్లులోంచి సులువుగా ఎక్కుతాయి కాబట్టి గిన్నె తొందరగా మునుగుతుంది. క్వార్ట్జూ లోలకమూ వెనకబడితే ఇది ముందుకు పోతుంది. నాలుగోది మనిషి నాడి. ఎండలో అదీ వేగంగా కొట్టుకుంటుంది, అయితే ఒక్కొక్కరిలో ఒక్కోలా.

ఒకే ఎండ, నాలుగు గడియారాలు, నాలుగు రకాల తేడాలు. వాటిని పోల్చి చూసిన మనిషి తేలిగ్గానే ఒక నిర్ణయానికి వస్తాడు. కాలానికి ఏమీ కాలేదు, తేడా వచ్చింది యంత్రాల్లోనే. ఒక్కో యంత్రం ఒక్కోలా తయారైంది గనుక వేడికి ఒక్కోలా స్పందించింది.

ఇప్పుడు ఇదే పరీక్షను వేడితో కాకుండా వేగంతో చేద్దాం. వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. వినగానే చాలామందికి వచ్చే సందేహం సహేతుకమైనదే: ఏ గడియారం? క్వార్ట్జా, లోలకమా, నాడా, అణువా? వేగం కూడా ఎండలాగే ఒక్కో యంత్రాన్ని ఒక్కోలా మారుస్తోందా? ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబే.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. సిరోంచ 80 డిగ్రీల దగ్గర ఉంది. అందుకే ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది, ఏడాది పొడవునా సగటు తీస్తే, గడియారంలో 12 గంటల 10 నిమిషాలకు. ఈ పది నిమిషాలు మనం కలిసి కుదుర్చుకున్న ఒప్పందం వల్ల వచ్చినవి. ముల్లును ఎక్కడ పెట్టి మొదలెట్టామన్నదే అక్కడి తేడా. సాపేక్షత మాట్లాడేది ముల్లు నడిచే వేగం గురించి.

పడవలో కాంతి గడియారం

అన్నిటికన్నా సరళమైన గడియారంతో మొదలుపెడదాం. ప్రాణహిత మీద ఒక పడవ వెళ్తోంది. పడవ అడుగున ఒక దీపం, దానికి నిట్టనిలువుగా పైన ఒక అద్దం. దీపం నుంచి బయల్దేరిన కాంతి మెరుపు అద్దాన్ని తాకి కిందికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఒక టిక్కు. ఇందులో పళ్ళ చక్రాలు లేవు, స్ప్రింగు లేదు, కాంతి తప్ప ఏమీ లేదు.

పడవ కాంతి వేగంలో 60 శాతంతో పోతోందని ఊహిద్దాం. ఏ పడవా అలా పోలేదు. కానీ ఈ సంఖ్యతో లెక్క మనసులోనే చేసుకోవచ్చు. పడవలో కూర్చున్నవాడికి మెరుపు నేరుగా పైకి పోయి నేరుగా కిందికి వస్తుంది. ఒడ్డున నిలబడ్డవాడికి అలా కనపడదు. మెరుపు పైకి పోయేలోగా అద్దం ముందుకు జరిగింది. కాబట్టి మెరుపు ఏటవాలుగా పోయింది. పడవ 3 పాళ్ళు ముందుకు జరిగితే, అద్దం ఎత్తు 4 పాళ్ళు, ఏటవాలు దారి 5 పాళ్ళు. ఇది బడిలో నేర్చుకున్న 3-4-5 త్రిభుజమే. పడవ ప్రయాణించే దిక్కుకు అడ్డంగా ఉన్న కొలతలు వేగం వల్ల మారవు కాబట్టి అద్దం ఎత్తు ఇద్దరికీ 4 పాళ్ళే.

ఇక్కడే కీలకం ఉంది. కాంతి వేగం ఇద్దరికీ ఒక్కటే, సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. పడవ వేగం దానికి కలవదు, దాన్నుంచి తగ్గదు. ఒకే వేగంతో ఒకరి లెక్కలో 4 పాళ్ళ దూరం, మరొకరి లెక్కలో 5 పాళ్ళ దూరం పోయిందంటే పట్టిన కాలం కూడా 4కు 5 నిష్పత్తిలోనే ఉండాలి. ఒడ్డు మీద 60 నిమిషాలు గడిచేసరికి పడవలోని కాంతి గడియారం 48 నిమిషాలే చూపిస్తుంది. వేగం 80 శాతమైతే 36 నిమిషాలే.

ఇంతవరకు తేలింది ఒక్క కాంతి గడియారం సంగతి. కాంతి ఏటవాలుగా పోవాల్సి వచ్చింది గనుక అది ఆలస్యమైంది, నా చేతి గడియారంలో అటూ ఇటూ పోయే కాంతి లేదు కదా, దానికెందుకు ఆలస్యం, అని అడిగితే తప్పేం లేదు. నిజానికి అడగాల్సిన ప్రశ్న అదే.

పక్కన గడియ కుడుక పెడితే

అదే పడవలో కాంతి గడియారం పక్కన గడియ కుడుకను, స్ప్రింగు గడియారాన్ని, క్వార్ట్జ్ గడియారాన్ని పెడదాం. పడవవాడు తన మణికట్టు మీద వేలు పెట్టుకుని నాడి కూడా లెక్కపెడుతుంటాడు. పడవ రేవులో కట్టేసి ఉన్నప్పుడు వీటన్నిటినీ సరిచూసుకున్నాడు. కుడుక రెండుసార్లు మునిగితే మిగిలినవి సరిగ్గా 48 నిమిషాలు చూపిస్తున్నాయి.

పడవ ఇప్పుడు తిన్నగా, ఒకే వేగంతో, ఏ కుదుపూ లేకుండా సాగిపోతోంది. ఒకవేళ వేగం వల్ల కాంతి గడియారం మాత్రమే నెమ్మదించి, కుడుకా నాడీ మామూలుగానే నడిస్తే ఏమవుతుంది? కాంతి గడియారం 48 నిమిషాలు చూపేసరికి కుడుక రెండున్నరసార్లు మునిగి ఉంటుంది. తెరలు దించుకుని లోపల కూర్చున్న పడవవాడు, బయటికి తొంగి చూడకుండానే, ఆ తేడాను బట్టి తాను కదులుతున్నానని, ఎంత వేగంతో కదులుతున్నానో కూడా చెప్పేయగలడు.

అది కుదరదు. నిలకడగా సాగే ఓడలో తలుపులు మూసుకున్నవాడికి తన కదలిక తెలియదని 1632లోనే గెలీలియో వివరంగా రాశాడు. ఓడ నిలిచి ఉన్నా సాగుతున్నా నీళ్ళ చుక్కలు అలాగే పడతాయి, ఈగలు అలాగే ఎగురుతాయి. ఐన్‌స్టీన్ ఈ సూత్రాన్ని కదలికలకే పరిమితం చేయకుండా కాంతికీ విద్యుత్తుకూ, ప్రకృతి నియమాలన్నిటికీ వర్తింపజేశాడు. సమవేగంతో సాగే ఏ గదిలోనైనా భౌతిక నియమాలు ఒక్కటే. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నా సిరోంచ బజారులో ఎవరికీ ఆ సంగతి తట్టకపోవడానికి కారణం ఇదే.

ఈ సూత్రాన్ని ఒప్పుకుంటే మిగిలిన దారి ఒక్కటే. పడవలోని గడియారాలు ఒకదానితో ఒకటి విభేదించకూడదు. కాంతి గడియారం ఒడ్డు లెక్కలో 60కి 48 అయితే స్ప్రింగు గడియారమూ అంతే, క్వార్ట్జూ అంతే, నాడీ అంతే. ఒడ్డు మీద కుడుక రెండున్నరసార్లు మునిగేలోగా పడవలో కుడుక రెండుసార్లే మునుగుతుంది. ఆలోచన కూడా ఒక గడియారమే. పడవవాడి మెదడులో జరిగే రసాయన చర్యలూ అదే నిష్పత్తిలో నెమ్మదిస్తాయి. అందుకే అతనికి ఏదీ నెమ్మదించినట్టు అనిపించదు. తన గంట తనకు నిండు గంటే.

ఎండకూ వేగానికీ ఉన్న తేడా ఇదే. ఎండ ఒక్కో యంత్రాన్ని ఒక్కోలా మారుస్తుంది. వేగం ఏ యంత్రాన్నీ ఏమీ చేయదు. అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గాయంటే తగ్గింది వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది, అంటే పడవ బయల్దేరిన క్షణానికీ చేరిన క్షణానికీ మధ్య ఆ దారిలో గడిచిన కాలమే.

ఒకటి మర్చిపోకూడదు. పడవవాడు ఒడ్డును చూస్తే ఒడ్డే వెనక్కి కదులుతున్నట్టు ఉంటుంది. అతని లెక్కలో ఒడ్డు మీది గడియారాలే నెమ్మది. తిన్నగా విడిపోతున్నంతసేపూ ఇద్దరి మాటా సమానంగా నిజమే. పడవ వెనక్కి తిరిగి అదే రేవుకు వచ్చినప్పుడు మాత్రం సమానత్వం పోతుంది. దిశ మార్చుకున్నది పడవ, ఒడ్డు కాదు. గడియారాలు రెండూ ఒకే బల్ల మీద పెట్టి చూస్తే పడవలోనివే వెనకబడి ఉంటాయి.

భాభా చూసిన గడియారం

ఇది తర్కం. తర్కం ఎంత బలంగా ఉన్నా ప్రకృతిని అడగందే భౌతికశాస్త్రంలో ఏదీ ఖాయం కాదు. ప్రకృతి ఈ ప్రశ్నకు జవాబును మన నెత్తి మీదే కురిపిస్తోందని మొదట గుర్తించినవారిలో బొంబాయివాడు హోమీ భాభా ఒకరు.

1930ల చివర విశ్వకిరణాల్లో ఎలక్ట్రాన్ కన్నా దాదాపు రెండు వందల రెట్లు బరువైన కొత్త కణం బయటపడింది. దాన్నే ఇప్పుడు మ్యువాన్ అంటున్నాం. అలాంటి బరువైన కణం ఎంతోసేపు నిలవదని, విచ్ఛిన్నమవుతుందని సిద్ధాంతం చెప్పింది. 1938 జనవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చిన చిన్న వ్యాసంలో, అప్పటికి కేంబ్రిడ్జిలో ఉన్న 28 ఏళ్ళ భాభా ఒక విషయం ఎత్తి చూపాడు. విచ్ఛిన్నమయ్యే కణాన్ని ఒక గడియారంగా చూడవచ్చు, కాబట్టి వేగంగా పోతున్నప్పుడు అది విచ్ఛిన్నం కావడానికి ఎక్కువ సమయం తీసుకోవాలి, దీనికి సాపేక్షత తప్ప మరో కారణం అక్కర్లేదు. ముల్లు లేని, చక్రం లేని, కంపించే భాగమేదీ లేని వస్తువును గడియారంగా చూడటంలోనే ఆ ఆలోచన గొప్పదనం ఉంది.

సిరోంచలో అరచేతిని ఆకాశం వైపు చాపండి. నిమిషానికి చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక మ్యువాన్ చొప్పున, సెకనుకు ఒకటో రెండో మీ అరచేతిలోంచి దూసుకుపోతున్నాయి. ఇవి పుట్టేది సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున, విశ్వకిరణాలు గాలిలోని కేంద్రకాలను ఢీకొన్నప్పుడు. నిలకడగా ఉన్న మ్యువాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు, అంటే సెకనులో పది లక్షల వంతుల్లో రెండుకు కాస్త పైన. అంత తక్కువ వ్యవధిలో కాంతి సైతం 660 మీటర్లే పోగలదు. మరి 15 కిలోమీటర్లు దాటి గోదావరి ఇసుక మీదికి ఎలా వస్తున్నాయి?

కాంతి వేగంలో 99.8 శాతంతో పోయే మ్యువాన్‌ను తీసుకుందాం. 15 కిలోమీటర్లకు దానికి 50 మైక్రోసెకన్లు కావాలి. ఆయుష్షు పెరగకపోతే దాదాపు 800 కోట్లలో ఒకటి మాత్రమే నేలకు చేరాలి. సాపేక్షత ప్రకారం ఆ వేగంలో దాని కాలం దాదాపు 16 రెట్లు నెమ్మదిస్తుంది. మన 50 మైక్రోసెకన్లు దానికి మూడుకు కాస్త పైన మాత్రమే. అప్పుడు నాలుగింట ఒకటి దాకా చేరాలి. గాలిలో అవి కోల్పోయే శక్తిని కూడా లెక్కలోకి తీసుకుంటే అంకెలు కొంత మారతాయి. అయినా కోట్లలో ఒకటి ఎక్కడ, నాలుగింట ఒకటి ఎక్కడ! మ్యువాన్ వైపు నుంచి చూస్తే దాని ఆయుష్షు ఏమీ పెరగలేదు, 15 కిలోమీటర్ల గాలే కిలోమీటరులోపుకు కుదించుకుపోయింది. రెండు లెక్కలూ ఒకే జవాబుకు తీసుకెళ్తాయి.

భాభా ఊహను 1941లో బ్రూనో రోసీ, డేవిడ్ హాల్ అమెరికాలోని కొలరాడోలో రెండు ఎత్తుల మధ్య కొలిచి చూశారు. ఎక్కువ వేగమున్న మ్యువాన్లు ఎక్కువకాలం బతుకుతున్నాయని తేలింది. 1963లో ఫ్రిష్, స్మిత్ మౌంట్ వాషింగ్టన్ మీద 1,907 మీటర్ల ఎత్తున గంటకు సుమారు 563 మ్యువాన్లను లెక్కపెట్టి, తర్వాత సముద్రమట్టానికి దిగి లెక్కపెట్టారు. కాలం నెమ్మదించకపోతే కింద ముప్పైలోపే మిగలాలి. మిగిలినవి 412.

స్వదేశానికి వచ్చాక భాభా స్థాపించిన టాటా మౌలిక పరిశోధన సంస్థ విశ్వకిరణాల అధ్యయనాన్ని తన ప్రధాన పనుల్లో ఒకటిగా పెట్టుకుంది. ఆ సంస్థ బెలూన్ కేంద్రం 1969 నుంచి హైదరాబాద్‌లో ఉంది. పరికరాలను వాతావరణం పై పొరల్లోకి మోసుకుపోయే పెద్ద బెలూన్లు అక్కడి నుంచే ఎగురుతాయి.

స్ప్రింగు నుంచి కేంద్రకం దాకా

మ్యువాన్ విచ్ఛిన్నం కావడానికి కారణం బలహీన బలం. స్ప్రింగూ క్వార్ట్జూ నడిచేది అణువుల మధ్య విద్యుదయస్కాంత బలంతో. ఈ రెంటికీ పోలిక లేదు. అందుకే ఒక్క మ్యువాన్ సాక్ష్యంతో ఆగకూడదు. వేరువేరు బలాలతో నడిచే గడియారాలను విడివిడిగా అడగాలి.

భాభా వ్యాసం వచ్చిన 1938లోనే అమెరికాలో ఐవ్స్, స్టిల్వెల్ వేగంగా పోయే హైడ్రోజన్ కణాలు వెదజల్లే కాంతిని కొలిచారు. పరమాణువు ఒక నిర్ణీత కంపనంతో కాంతిని విడుదల చేస్తుంది, కాబట్టి అదీ గడియారమే. దాని కంపనం సాపేక్షత చెప్పినంతే తగ్గింది. 1960లో ఇంగ్లండులోని హార్వెల్‌లో ఇనుము-57 కేంద్రకాలను గిర్రున తిరిగే చక్రం మీద పెట్టి, అవి మింగే గామా కిరణాలను కొలిచారు. కేంద్రకాన్ని పట్టి ఉంచేది బలమైన బలం. ఆ గడియారమూ అంతే నెమ్మదించింది. 2014లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కాంతి వేగంలో మూడో వంతుతో తిరిగే లిథియం అయాన్లతో చేసిన ప్రయోగంలో కొలతా సిద్ధాంతమూ వంద కోట్లలో రెండు మూడు వంతుల దాకా కలిశాయి.

1971 అక్టోబరులో హాఫెల్, కీటింగ్ నాలుగు సీజియం గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా పోయినవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా పోయినవి 273 నానోసెకన్లు ముందుకు పోయాయి. తూర్పుకు పోయే విమానం వేగం భూమి తిరిగే వేగానికి కలుస్తుంది, పడమరకు పోతే తగ్గుతుంది. ఎత్తుకు వెళ్ళిన గడియారం గురుత్వం వల్ల వేగంగా నడుస్తుంది, ఆ సంగతి వచ్చే అధ్యాయంలో. రెంటినీ కలిపి వేసిన లెక్కతో కొలతలు పొరపాటు అంచులలోపే సరిపోయాయి.

ఇంత పెద్ద వేగాలు అక్కర్లేదని 2010లో అమెరికాలోని బౌల్డర్ ప్రయోగశాల చూపింది. రెండు అల్యూమినియం అయాన్ గడియారాల్లో ఒకదాని అయాన్‌ను సెకనుకు 10 మీటర్ల కన్నా తక్కువ వేగంతో అటూ ఇటూ కదిపితేనే తేడా తెలిసింది. అంటే ఆలాపల్లి అడవి దారిలో పోయే బస్సు వేగం కన్నా తక్కువ. సిరోంచలో బస్సెక్కి గంటకు 50 కిలోమీటర్ల చొప్పున నాలుగు గంటలు ప్రయాణించినవారి గడియారం, వేగం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే, సుమారు 15 పికోసెకన్లు వెనకబడుతుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతుల్లో ఒకటి.

జేబులోకి వచ్చిన సాపేక్షత

సిరోంచ తాలూకాలో సరిహద్దు నీళ్ళలో ఉంటుంది. ప్రాణహితకు, గోదావరికి అటు తెలంగాణ, ఇంద్రావతికి అటు ఛత్తీస్‌గఢ్. వంతెన మీద నిలబడి ఫోనులో పటం తెరిస్తే నీలిచుక్క మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో చెబుతుంది. ఆ చుక్క వెనక ఉన్నవి ఉపగ్రహాల్లోని అణు గడియారాలు. ఫోను దూరాన్ని కొలిచేది సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టే.

అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు సెకనుకు దాదాపు 3.9 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, ఎత్తు వల్ల 45కు పైగా ముందుకు పోతాయి, నికరంగా 38 మైక్రోసెకన్లు ముందుంటాయి. 38 మైక్రోసెకన్లలో కాంతి 11 కిలోమీటర్లు పోతుంది. 1977 జూన్‌లో సీజియం గడియారంతో ఎగిరిన ఎన్‌టీఎస్-2 ఉపగ్రహంలో ఈ సవరణను కావాలనే మొదట ఆపి ఉంచారు. దాదాపు మూడు వారాలు గమనిస్తే గడియారం లెక్క వేసినంతే ముందుకు పోయింది. అప్పుడు సవరణను తెరిచారు.

మన చర్చకు ఇక్కడ ముఖ్యమైన విషయం మరొకటుంది. జీపీఎస్ ఉపగ్రహాల్లో కొన్ని గడియారాలు సీజియంవి, కొన్ని రుబీడియంవి. రెండు వేరువేరు మూలకాలు, వేరువేరు కంపనాలు. సాపేక్షత సవరణ మాత్రం ఒకే నిష్పత్తి. రుబీడియానికో పట్టిక, సీజియానికో పట్టిక ఎవరూ వేసుకోలేదు, వేసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

మన నావిక్ ఉపగ్రహాలదీ అదే కథ. మొదటిది 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ఎగిరింది. తొలి ఉపగ్రహాల్లో విదేశీ రుబీడియం గడియారాలు వాడారు, వాటిలో కొన్ని పనిచేయడం మానేశాయి. ఆ పాఠంతో ఇస్రో సొంతంగా రుబీడియం గడియారాన్ని తయారు చేసుకుంది, 2023 మే 29న శ్రీహరికోట నుంచే ఎన్‌వీఎస్-01లో అది పైకి వెళ్ళింది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో తిరిగే ఆ గడియారానికి వేగం వల్ల రోజుకు నాలుగున్నర మైక్రోసెకన్ల నష్టం, ఎత్తు వల్ల 51 మైక్రోసెకన్ల లాభం. ఎవరు తయారు చేశారన్నదాన్ని బట్టి ఈ లెక్క మారదు.

ప్రాణమున్న గడియారం

జీవం సంగతి వేరేమో అని కొందరికి అనిపించవచ్చు. గుండె, జుట్టు, గోళ్ళు, కణాల విభజన, ఇవన్నీ రసాయన చర్యలు. రసాయన చర్యలు నడిచేది అణువుల మధ్య విద్యుదయస్కాంత బలంతో. క్వార్ట్జ్‌కు వర్తించినది గుండెకూ వర్తించి తీరాలి.

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళిన తండ్రికి పుట్టిన రాజా చారి 2021 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళి 2022 మే నెలలో తిరిగివచ్చాడు. ఆ కేంద్రం సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. వేగం వల్ల రోజుకు 28 మైక్రోసెకన్ల నష్టం, 400 కిలోమీటర్ల ఎత్తు వల్ల నాలుగు మైక్రోసెకన్లకు కాస్త తక్కువ లాభం. ఆరు నెలలకు కాస్త తక్కువ ఉన్న ఆ కాలానికి నికర తేడా 4 మిల్లీసెకన్లకు కాస్త పైన. నేల మీద ఉండిపోయినవారి కన్నా ఆయన అంత తక్కువ వయసుతో దిగాడు. బరువు తెలియని ఆ చోట ఎముకలు పలచబడతాయి, కండరాలు సన్నబడతాయి. అవి శరీరం మీద పరిసరాల ప్రభావం, సిరోంచ ఎండ లాంటివి. ఈ 4 మిల్లీసెకన్లు మాత్రం ఆయన చేతి గడియారానికి, గుండెకు, పక్కనున్న కంప్యూటరుకు సమానంగా దక్కాయి.

చెడిపోయిన గడియారం సాక్ష్యం చెల్లదు

ప్రతి గడియారమూ ఒకే నిష్పత్తిలో నెమ్మదిస్తుందన్నప్పుడు, అది దారిలో దెబ్బ తినకూడదన్న షరతు ఉంది. గట్టి మలుపులో స్ప్రింగు గడియారం బిగుసుకుపోతే అది యంత్రం చేసిన తప్పు. కుడుకలో నీళ్ళు కుదుపుకు ఒలికితే ఆ లెక్క పనికిరాదు. లోలకం గడియారానిది ప్రత్యేకమైన ఇబ్బంది. దాన్ని ఊపేది భూమి ఆకర్షణ, అంటే భూమి కూడా ఆ గడియారంలో ఒక భాగమే. గడియారాన్ని ఎత్తుకుని పోతే సగం గడియారాన్నే తీసుకుపోయినట్టు. లోలకం గడియారం కొండ మీద నెమ్మదిస్తే అక్కడ ఆకర్షణ తగ్గిందని తెలుస్తుందే తప్ప కాలం గురించి ఏమీ తెలియదు.

త్వరణం సంగతేమిటి? గుండ్రంగా తిరిగే వస్తువు క్షణక్షణం దిశ మార్చుకుంటుంది. ఆ లాగుడు గడియారం మీద విడిగా ప్రభావం చూపుతుందా? దీన్ని పరీక్షించడానికి స్ప్రింగు పనికిరాదు, ముక్కలైపోతుంది. మ్యువాన్ ముక్కలు కాదు. 1977లో జెనీవా దగ్గరి సెర్న్‌లో 14 మీటర్ల వ్యాసమున్న వలయంలో మ్యువాన్లను తిప్పారు. వాటి మీద పడిన త్వరణం భూమి ఆకర్షణకు ఒకటి పక్కన 18 సున్నాలు పెట్టినన్ని రెట్లు. వాటి వేగాన్ని బట్టి ఆయుష్షు 29.3 రెట్లు పెరిగి 64.4 మైక్రోసెకన్లు కావాలి. కొలిస్తే అంతే వచ్చింది. అంతటి త్వరణం సొంతంగా ఏ తేడానూ కలపలేదు. గడియారం ఏ క్షణాన ఎంత వేగంతో పోతోందన్నదే లెక్కకు వచ్చింది.

రాతిలో గడియారం

సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర, 1960 ప్రాంతంలో, భారత గణాంక సంస్థ శాస్త్రవేత్తలు పెద్ద డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. 1975లో దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. తవ్వకాల నాటికి రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి జరుగుతోంది, ఆ పేరు అందుకే. ఆ ఎముకలు దొరికిన కోటా రాతి పొరలు జురాసిక్ యుగానివి. లెక్క కోసం 18 కోట్ల సంవత్సరాలు అనుకుందాం.

ఆ 18 కోట్ల ఏళ్ళూ భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూనే ఉంది. సూర్యుడితో పాటే కదులుతూ, భూమిలా చుట్టూ తిరగని గడియారం ఒకటి ఉందనుకుని, గురుత్వ ప్రభావాన్ని పక్కన పెట్టి, వేగం వరకే లెక్క వేస్తే, భూమి మీది కాలం దానికన్నా దాదాపు 11 నెలలు వెనకబడి ఉంటుంది. 18 కోట్ల ఏళ్ళలో 11 నెలలు ఎక్కువేమీ కాదు. కానీ గమనించాల్సింది మరొకటి. ఏ భూగర్భ శాస్త్రవేత్తా ఈ 11 నెలల కోసం తన లెక్కను సవరించుకోడు. రాళ్ళలో యురేనియం సీసంగా మారే వేగం, నది ఒండ్రును పరిచే వేగం, ఎముక పెరిగే వేగం, భూమి తన చుట్టూ తాను తిరిగే రోజులు, అన్నీ ఒకే నిష్పత్తిలో నడిచాయి. ఒకదానితో ఒకటి పోలిస్తే తేడా ఎక్కడా బయటపడదు. యురేనియం ఒకలా, ఒండ్రు మరోలా నెమ్మదించే లోకంలో రాతి వయసు చెప్పడానికి భూమి వేగం ముందు తెలియాల్సి వచ్చేది. అలాంటి లోకంలో భూగర్భ శాస్త్రం ఎంత చిక్కుపడేదో ఊహించుకోండి.

ఒక్కటి విభేదించినా చాలు

అన్ని గడియారాలనూ ఒకే మాట మీద నిలబెట్టిన ఈ సిద్ధాంతం చాలా సాహసంతో కూడినది. సీజియం, రుబీడియం, హైడ్రోజన్, లిథియం, ఇనుము కేంద్రకం, మ్యువాన్ ఇప్పటిదాకా సాక్ష్యం ఇచ్చాయి. వీటిలో ఏ ఒక్కటైనా మిగతావాటితో విభేదించి ఉంటే సిద్ధాంతం ఆ రోజే కూలేది. ఏదో ఒక గడియారానికి మినహాయింపు ఇచ్చి నిలబెట్టే వీలు దీనికి లేదు. నేటికీ ప్రయోగశాలల్లో కొత్త రకం గడియారం తయారైన ప్రతిసారీ దాన్ని పాతవాటి పక్కన పెట్టి ఇదే అడుగుతున్నారు. ఇంతవరకు ఏదీ ఎదురు చెప్పలేదు.

ఈ పరీక్షలో పాలుపంచుకోవడానికి పెద్ద ప్రయోగశాలే కావాలని లేదు. రెండు గైగర్ గొట్టాలను ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండూ ఒకేసారి మోగినప్పుడు మాత్రమే లెక్కించే చిన్న సర్క్యూట్ కడితే, పై నుంచి కిందికి రెంటిలోంచీ దూసుకుపోయిన మ్యువాన్లు లెక్కకు వస్తాయి. నేలలోని రేడియోధార్మికత సాధారణంగా ఒక గొట్టాన్నే మోగిస్తుంది కాబట్టి వడపోతలో పోతుంది. సిరోంచలోనో, మంచిర్యాలలోనో, భూపాలపల్లిలోనో ఏ కళాశాల విద్యార్థులైనా దీన్ని కట్టుకోవచ్చు. అందులో వినిపించే ప్రతి టిక్కూ, సాపేక్షత లేకపోతే దాదాపుగా నేలకు చేరలేని కణానిది. భాభా గుర్తుపట్టిన గడియారాన్ని స్వయంగా లెక్కపెట్టిన విద్యార్థికి, కాలం అందరికీ ఒకేలా గడవదన్న మాట పుస్తకంలో చదివిన వాక్యంగా మిగలదు. అది తన చేతులతో కొలిచిన విషయం అవుతుంది.